కింది వీధి తువ్వాళ్లు

ఆ ఉదయం ఇగరాషి పెట్టుకున్నది చిన్న పని. కింది వీధికి వెళ్లి, పాత కాలువ లోతు కొలిచి, భోజనం వేళకు ఆఫీసు చేరుకోవాలి. పురపాలక కార్యాలయంలో వాననీటి కాలువలకు పథకాలు గీసే ఉద్యోగం అతనిది.

మిదోరినో పేట ఒకప్పుడు వరిపొలాలు. ఎంత వాన కురిసినా పొలాలే తాగేసేవి. ఇప్పుడు వాటిమీద ఇళ్లు లేచాయి. ఇళ్లు వాన తాగవు గనుక నీళ్లు గుమ్మాల్లోకి వస్తున్నాయి. కొత్త కాలువ కావాలని అందరూ అంటారు. తమ వాకిట్లో మాత్రం తవ్వొద్దనీ అందరూ అంటారు. నీరు పల్లమెరుగు గనుక కాలువ కింది వీధిలోనే పడాలి. అక్కడ కురహాషి మేష్టారున్నారు. బడి వదిలి చాలా కాలమైనా బెత్తం ఆయన గొంతులోనే ఉంది. "నా అజేలియా పూల పొదల దగ్గర పార పడితే ఊరుకోను" అంటూ జరిగిన సమావేశమల్లా వాయిదా వేయిస్తున్నారు.

ఈ ఆదివారం వీధి సంఘం ఒప్పుకోకపోతే పథకం అటకెక్కినట్టే. వీధి చివర ఒంటరిగా ఉండే తొయోకో బామ్మకు, వచ్చే వానాకాలం ఇంట్లోకి చుక్క నీరు రాదని ఇగరాషి మాటిచ్చాడు. అది గుర్తొస్తే అతనికి అన్నం సయించడం లేదు.

అతను వెళ్లేసరికి బామ్మ రాత్రి వాన తాలూకు బురదనీళ్లను చీపురుతో గుమ్మం బయటికి తోస్తోంది. అతని మనసు చివుక్కుమంది. కారు డిక్కీ తెరిస్తే తువ్వాళ్ల పెట్టె కనిపించింది. మరో పేటలో రోడ్డు పని మొదలుపెట్టే ముందు ఇంటింటికీ మర్యాదగా పంచాల్సినవవి. ఒక్కోదానికీ "పనులతో మీకు ఇబ్బంది కలిగించబోతున్నాం, మన్నించండి" అని అచ్చువేసిన తెల్లకాగితం చుట్టి ఉంది.

"బామ్మగారూ, ముందు దీంతో నేల తుడవండి" అని ఒకటి చేతిలో పెట్టాడు.

"అయ్యయ్యో, ఇంత చక్కటి కాగితం చుట్టినదానితో నేల తుడుస్తానా నాయనా!" అని బామ్మ దాన్ని తీసుకెళ్లి భర్త పటం ముందు పెట్టింది.

కాసేపటికి ఆ పటానికి అగరొత్తి వెలిగిద్దామని పక్కింటి సుమిరె వచ్చి, కాగితం చదివి, తిన్నగా ఇగరాషి దగ్గరికి నడిచింది.

"పనులు మొదలవుతున్నాయటగా? బామ్మకైతే ఇచ్చారు. మేమేం పాపం చేశాం?"

"అబ్బే, అది... అలా కాదండీ..."

"ఎలా కాదు?"

మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఎప్పుడో చెప్పింది. ఇగరాషి సుమిరెకు ఒకటిచ్చాడు. అది చూసి ఎదురింటాయన వచ్చాడు. ఒకరికిచ్చి ఒకరికివ్వకపోతే తప్పు గనుక మధ్యాహ్నానికి పెట్టె ఖాళీ అయింది. ఆఖరి తువ్వాలును, కురహాషి మేష్టారు ఇంట్లో లేని సమయం చూసి ఆయన తలుపు గొళ్లేనికి తగిలించి, ఇగరాషి కాలువ కొలవకుండానే పారిపోయాడు.

మర్నాడు తువ్వాళ్లకు బదులుగా మర్యాదలు ఆఫీసుకు రావడం మొదలైంది. ముల్లంగి ఊరగాయ, ఎండబెట్టిన పెర్సిమన్ పండ్లు, బియ్యప్పిండి అప్పడాలు. చివరగా పట్టు రిబ్బను కట్టిన పెట్టెలో, మేష్టారి పేరుతో, ఖరీదు చూసి పుట్టినరోజులకు కూడా ఎవరూ కొనుక్కోని రకం ఖర్బూజా.

సెక్షన్ అధికారి ఒకినో తన బల్లే కనపడక లేచి నిలబడ్డాడు. "ఏమయ్యా, ఇది ఆఫీసా, కూరగాయల కొట్టా? సర్కారు ఉద్యోగి అప్పడం ముక్క తీసుకున్నా తప్పని తెలీదూ? అన్నీ తిరిగిచ్చేసి రా!"

ఇగరాషి తిరిగివ్వడానికి వెళ్లాడు. "మా ఊరగాయ మీ కంటికి ఆనలేదన్నమాట" అని సుమిరె నొచ్చుకుని, ఈసారి రెండు రకాలు పెట్టింది. ఎదురింటాయన పెర్సిమన్ పండ్లు తీసుకుని కొత్తిమీర కట్టలిచ్చాడు. మేష్టారు అసలు తలుపే తీయలేదు. వెళ్లినప్పటికంటే తిరిగొచ్చినప్పుడు కారు బరువెక్కింది. దారిలో పై వీధివాళ్లు అడ్డుకున్నారు. "కింది వీధికి తువ్వాళ్లు పంచి, ఆదివారం తేల్చాల్సింది ముందే తేల్చేశారా? మేము మనుషులం కామా?"

ఆదివారం సమావేశంలో ఇగరాషి క్షమాపణకు సిద్ధమై లేచాడు. ఖర్బూజా పెట్టె చేతుల్లో ఉంది. ఇక పథకం లేదు, బామ్మకిచ్చిన మాటా లేదు అనుకుంటే కళ్లు చెమ్మగిల్లాయి.

"ఆ తువ్వాళ్లు నిజానికి..."

"కూర్చో!" అన్నారు కురహాషి మేష్టారు. ఇగరాషితోపాటు ఇంకో నలుగురు కూర్చున్నారు. మేష్టారి మెడలో తువ్వాలుంది. "నాకు అభ్యంతరాలు ఒకటి కాదు, వంద ఉన్నాయి. చెబుదామనే వచ్చాను. కానీ ఇది ఎక్కడిదో చూసుకోకుండా మొన్న ముఖం తుడిచేసుకున్నాను. ఖర్బూజా పంపినా మనసొప్పలేదు. వాడేశాక తవ్వొద్దని ఏ ముఖంతో అనను? పొదలు నేనే జరుపుకుంటాను."

కింది వీధి మొత్తం తల వంచింది. బామ్మ తప్ప అందరూ వాడేసినవాళ్లే. వెనక వరసలో పై వీధివాళ్లు లేచారు. "మా వీధి కూడా తవ్వాల్సిందే! ముందు మాక్కూడా తువ్వాళ్లు పంపండి!"

చలికాలమంతా తవ్వి కాలువ పూర్తిచేశారు. వానాకాలం మొదటి పెద్ద వాన పడిన సాయంత్రం ఇగరాషి గొడుగు మాటే మరిచి కింది వీధికి పరుగెత్తాడు. కాలువ గలగలా పారుతోంది. బామ్మ గుమ్మం పొడిగా ఉంది. అది చూసి అతనికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"అలా తడిసి నిలబడతావేం, జలుబు చేయదూ?" అని బామ్మ గబగబా లోపలికి వెళ్లింది. పటం ముందున్న తువ్వాలు కాగితం విప్పి తెచ్చి, అతని తల గట్టిగా తుడిచింది.

దానికి బదులుగా ఏమివ్వాలో ఇగరాషి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు.