రెండు గుమ్మాల బొరియ

అనగనగా అడవి. ఎంత పెద్దదంటే, ఎవరిది ఏ వార్డో వాళ్ళకే తెలీనంత పెద్దది.

అందుకని కొంగ గుమస్తా ఒక రూలు పెట్టాడు. నిద్రలో తల ఎటు పెడితే అటు వార్డు. ఒంటికాలి మీద కునుకు తీసేవాడికి ఇంతకన్నా మంచి రూలు ఎలా తడుతుంది చెప్పండి!

చిక్కల్లా ముళ్ళపంది సూదులమ్మకు వచ్చిపడింది. ఆవిడ బొరియకు రెండు గుమ్మాలు. ఒకటి తూర్పు వార్డులో, ఇంకోటి పడమటి వార్డులో.

వానాకాలం ముందు పడమటి గుమ్మం మీద బండ దొర్లి పడింది. మిగిలిన తూర్పు గుమ్మం పల్లంలో ఉంది. గట్టి వాన కురిస్తే నీళ్ళు అందులోంచే లోపలికొస్తాయి. లోపల ముళ్ళింకా గట్టిపడని పసికూనలు.

సూదులమ్మ తూర్పు మెంబరు ఎలుగుబంటి భల్లయ్య దగ్గరికి పరిగెత్తింది.

"అన్నయ్యా, ఏనుగుతో చెప్పి ఆ బండ తీయించు. పిల్లలు మునిగిపోతారు."

"అయ్యో తల్లీ! నీ తల పడమటికి కదా. మా వార్డు కాదమ్మా," అన్నాడు భల్లయ్య తేనె నాకుతూ.

పడమటి మెంబరు నక్క నీలాద్రి నవ్వాడు. "ఎవరు చెప్పారక్కా? నీ తల తూర్పుకే. నేను కళ్ళారా చూశాను."

"నేను పడుకుంటే నువ్వెందుకు చూశావురా?"

"ప్రజాసేవ అక్కా!"

కొంగ దగ్గరికి వెళ్తే ఒక కన్ను తెరిచాడు. "తల ఎటు పెడతావమ్మా?"

"ముడుచుకుని పడుకుంటానయ్యా. కడుపులో పెట్టుకుంటాను."

"కడుపు వార్డు మన దగ్గర లేదు. రేపు రా."

ఈలోగా ఎన్నికలొచ్చాయి. పోటీ గట్టిగా ఉంది. ఇంకేముంది, మెంబర్లిద్దరూ బొరియ ముందు వాలారు. "నువ్వు మా వార్డే!" అని ఒకరు, "కాదు, మా వార్డే!" అని ఇంకొకరు.

సూదులమ్మకు ఒళ్ళు మండింది. "ముందు బండ తీయించండి. తల సంగతి తర్వాత."

నక్క ఏనుగును తెచ్చి బండ ఎత్తించాడు. ఎత్తించి, పోయి పోయి తూర్పు గుమ్మం మీద పెట్టించాడు, ఆవిడ తల అటు తిప్పకుండా! భల్లయ్య ఊరుకుంటాడా? మళ్ళీ పడమటికి మోయించాడు. "మీ ఓట్లు చల్లగుండ, నా నడుం విరిగిందిరా!" అని ఏనుగు మొత్తుకున్నా ఇద్దరూ వినలేదు.

బండ గాల్లో ఉన్న ఒక క్షణాన సూదులమ్మ పిల్లల్ని బయటికి లాగేసింది. మంచి పని చేసింది. ఆ వెంటనే ఏనుగు తొక్కుళ్ళకు బొరియ కప్పు కూలిపోయింది.

పోలింగు రోజు కొంగ రెండో కన్ను కూడా తెరిచాడు. "ఇల్లే లేకపోతే తలెక్కడ పెడతావు? ఓటు లేదు, పో."

భల్లయ్యా నీలాద్రీ ఇద్దరూ ఎవరి వార్డులో వాళ్ళు ఓడారు, ఒక్క ఓటు తేడాతో. వానలో తడుస్తూ కూడా సూదులమ్మ కడుపుబ్బా నవ్వుకుంది.

మర్నాడు బొరియకు జాగా చూపించమని కొత్త మెంబర్లు అడవిపంది, ముంగిసల దగ్గరికి వెళ్ళింది.

"మా వార్డు కాదమ్మా," అన్నారు ఇద్దరూ ఎంతో మర్యాదగా.

నీతి: మీది ఏ వార్డో కష్టమొచ్చినప్పుడు అడక్కండి, ఎన్నికలు రానివ్వండి, వాళ్ళే ఇంటికొచ్చి చెబుతారు, ఇల్లంటూ మిగిలితే.