కన్నం పూడ్చిన నేరం

నీళ్ళ ఫిల్టర్లు అమ్మి, బాగుచేసే ఆ సంస్థవారు తమ సైటులో ఖాతాదారుల వివరాలు భద్రంగా దాచడానికి కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఒక్క చిన్న లోపం ఉండేది. పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలేసి మీట రెండుసార్లు నొక్కితే, నొక్కినవారెవరైనా సరే, సాదరంగా లోపలికి రానిచ్చేది.

ఈ సంగతి కనిపెట్టింది ఫిర్యాదుల విభాగంలో ఫోన్లెత్తే ఉద్యోగిని. పనిగట్టుకుని కాదు, ఆ రోజు పాస్‌వర్డ్ మరిచిపోయింది. లోపల లక్షమంది చిరునామాలు, ఫోన్ నంబర్లు. పక్కనే 'మనిషి తీరు' అనే గడిలో సిబ్బంది మొహమాటం లేకుండా రాసుకున్న మాటలు. వాటిలో సగం ఆవిడ రాసినవే. పరుగున వెళ్ళి మేనేజరుగారికి చెప్పింది. ఆయన రాతపూర్వకంగా ఇమ్మన్నారు, ఇచ్చింది. ముందుజాగ్రత్త చర్యగా ఆయన లక్షమందికీ ప్రకటన పంపారు: 'ఖాతాదారులెవరూ పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలి మీట రెండుసార్లు నొక్కరాదని మనవి.'

మర్నాడు ఆఫీసు తెరిచేసరికి వీధి మలుపు దాకా జనం. అందరికంటే ముందు ఒక రిటైర్డ్ లెక్చరరు. ఆయన పేరు పక్కన 'సణుగుడు మేళం. పది రింగులయ్యాక ఎత్తినా ఫరవాలేదు' అని ఉంది. రాసింది ఆవిడే. క్షమాపణ చెప్పుకుందామని లేచి నిలబడింది.

"అది సరేనమ్మా, మా ఇంట్లోవాళ్ళూ అదే అంటారు," అన్నాడాయన. "మా తోడల్లుడికి మాత్రం 'పెద్దమనిషి, వెంటనే మెకానిక్‌ను పంపాలి' అని రాశారేం? ఆయన ఏపాటి పెద్దమనిషో నన్నడగండి, చెప్తాను."

ఆయన వెనక ఒక దర్జీ. తనని గయ్యాళి అన్నందుకు ఆమెకు బాధ లేదు. ఎదురుకొట్టు దర్జీని మర్యాదస్తురాలన్నారు, అదీ బాధ. సాయంత్రం దాకా వచ్చినవాళ్ళంతా పక్కింటివాళ్ళకీ బావమరుదులకీ మార్కులు తగ్గించమని అర్జీలిచ్చి వెళ్ళారు. తమ ఫోన్ నంబరు ఊరంతా ఎలా చూస్తోందని ఒక్కరూ అడగలేదు.

మేనేజరుగారు సిబ్బందిని సమావేశపరిచి ఉపన్యసించారు. "మనది దాపరికమెరుగని సంస్థ. ఏ ప్రచారానికీ ఇంతటి ఆదరణ రాలేదు. ఈ సౌకర్యాన్ని కాపాడుకోవడం మన కర్తవ్యం."

ఆవిడకు మనసొప్పలేదు. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్ళకి తనే ఫోన్ చేసింది. వాళ్ళ మనిషి వచ్చి, తల గోక్కుని, పది నిమిషాల్లో కన్నం పూడ్చి వెళ్ళిపోయాడు. చాలా రోజులకు ఆవిడ స్థిమితంగా అన్నం తింది.

మర్నాడు ఫోన్లు ఊపిరి తీసుకోనివ్వలేదు. సైటు పాడైందట. లెక్చరరుగారు వాళ్ళ వీధిలో ఇంకా సగం ఇళ్ళే చదివారట. పైఅధికారుల ఆదేశంపై మధ్యాహ్నానికల్లా లోపాన్ని యథాస్థానంలో పునరుద్ధరించారు. ఆవిడకు మెమో ఇచ్చారు, 'అనుమతి లేకుండా భద్రత కల్పించినందుకు' అని.

ఇంటికి వెళ్ళి మెమో భర్త చేతిలో పెట్టింది. చదివి ఆయన మండిపడ్డాడు. ఒకరి గుట్టు ఒకరు తవ్వుకునే ఈ జనానికి సిగ్గూ శరమూ లేవన్నాడు. నువ్వు చేసిందే న్యాయమన్నాడు. తనే టీ పెట్టి ఇచ్చాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని రెండు గుక్కలు తాగాక, కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు.

"అది కాదే, మా అన్నయ్య పేరు ఎన్నిసార్లు కొట్టినా రావట్లేదు. ఫిల్టరు మా వదిన పేరు మీదుందంటావా?"