వీధిలో థర్మామీటర్లన్నీ తప్పే

తొమ్మిదింటికి ఆసుపత్రి తలుపు తీయగానే బుజ్జిదాన్ని డాక్టరమ్మకు చూపించి, పదింటికల్లా ఇంటికి వచ్చేయాలని ఇల్లాలు పొద్దున్నే అనుకుంది. పదకొండు నెలల పిల్ల. ఒళ్లు వెచ్చగా ఉంది, పాలు పడితే రెండు గుక్కలు తాగి వదిలేస్తోంది. అనుకున్నదాంట్లో లోపమేమీ లేదు. ఇంట్లో థర్మామీటరు ఉండటమే లోపం.

ఇంటాయన త్రాసులు, కాటాలు బాగుచేస్తాడు. వీధంతా ఆయన్ని కాటాలాయన అంటుంది. పాప చంకలో థర్మామీటరు పెడితే నూటొకటి చూపించింది. ఆయనకు నమ్మబుద్ధి కాలేదు. ఏ కాటానైనా ముందు తెలిసిన రాయి వేసి సరిచూడాలన్నది ఆయన వృత్తిధర్మం. ఇంట్లో తెలిసిన రాయి తానే కదా! తుడిచి తన చంకలో పెట్టుకున్నాడు. నూటరెండు.

"చూశావా? గుండ్రాయిలా ఉన్న నాకే నూటరెండట! ఇది నాలుగు ఎక్కువ చూపిస్తోంది. ఆ లెక్కన బుజ్జిదానికి తొంభై ఏడే."

"ఏమండీ, నుదురు పట్టుకు చూడండి, కాలిపోతోంది."

ఆయన పట్టుకు చూశాడు. "నా చేతికి మామూలుగానే ఉందే!" అంటూ స్వెటరు బొత్తాలు పెట్టుకున్నాడు. పొద్దుట్నుంచీ ఈ కిటికీలోంచి ఒకటే చలిగాలి.

పక్కింటి పిన్ని తన థర్మామీటరు తెచ్చింది. ఆయన చంకలో అదీ నూటరెండే.

"ఇదీ తప్పే పిన్నీ."

పిన్ని థర్మామీటరు వెనక్కి లాక్కుంది. "అయితే పోయిన నెల దీన్ని నమ్మి వారం రోజులు చప్పిడి కూడు తిన్నది ఉత్తపుణ్యానికేనా నాయనా?"

ఈ దుఃఖం పిన్ని ఒక్కతే దాచుకోలేదు. పావుగంటలో మెట్ల మీద నలుగురు నిలబడ్డారు, ఎవరి థర్మామీటరు వాళ్లు పట్టుకుని. ఆయన ఒక్కొక్కటీ చంకలో పెట్టుకుని, అన్నిటికీ ఒకే తీర్పు చెప్పాడు.

"మీ కాటాలు మీరు చూసుకోండి. నా పిల్లను నేను చూసుకుంటా," అని ఇల్లాలు తడిగుడ్డతో పాప మొహం తుడిచి, భుజాన వేసుకుని బయల్దేరింది. తల్లి అరచేతిలో దేవుడు ఏ కొలత పెట్టాడో గానీ, దానికి ఏ తూనికల ఆఫీసు ముద్రా అక్కర్లేదు. తండ్రి చేతిలో ఎందుకు పెట్టలేదో ఆ దేవుణ్ణే అడగాలి.

డాక్టరమ్మను హెచ్చరించాలని ఆయన వెనకే పరుగెత్తాడు. అక్కడా పాపకు నూటొకటే.

"ఇదీ తప్పేనమ్మా. కావాలంటే నాకు పెట్టండి!"

పెట్టింది. నూటరెండు.

"చెప్పానా!"

డాక్టరమ్మ ఇల్లాలికి పెట్టింది. తొంభై ఎనిమిది. తనకు పెట్టుకుంది. తొంభై ఎనిమిది. తర్వాత ఆయన నుదుటి మీద చెయ్యి వేసింది. "కాటాలో తప్పు లేదండీ. రాయిలోనే ఉంది."

ఆయన మొహం చిన్నబోయింది. "అంటే... బుజ్జిదానికి నిజంగానే జ్వరమా?"

"నిజమే. భయపడకండి, మందు వేస్తే తగ్గిపోతుంది."

"జ్వరం కాదనడానికి ఏదో ఒకటి దొరుకుతుందేమోనని చూశానమ్మా," అన్నాడు, పాప పాదాన్ని గుప్పిట్లో పెట్టుకుని. ఆయన స్వెటరు బొత్తాలు ఒకదానికొకటి తప్పిపోయి ఉన్నాయి. ఇల్లాలు ఒంటిచేత్తో వాటిని సరిచేసింది.

మూడో రోజుకు పాపకు జ్వరం దిగింది. ఆయనకు ఐదు రోజులు పట్టింది. ఇద్దరిలో మందు తాగనని మారాం చేసిందెవరో ఇల్లాలు ఇంతవరకు బయటపెట్టలేదు.