ఒక్క ఊరి ఎండ

రెంటచింతల ఎండ మాడ్చేస్తుంది గానీ పొడిది, చెమట పట్టేలోపే ఆరిపోతుంది. బందరు ఎండ అంత వేడిది కాదు గానీ తడిబట్టలా ఒంటిని వదలదు. భద్రాచలం ఎండ సంగతి తలుచుకోకపోవడమే మంచిది. రిటైరైన ఉద్యోగికి ప్రభుత్వం ఒక్క ఊరి ఎండే ఇస్తుంది కాబట్టి, ఏసుపాదం ఇలా అనుకుంటూ ఎండల కేటాయింపు ఆఫీసు బెంచీ మీద మూడోరోజు కూడా కూర్చున్నాడు.

నిబంధన కొత్తదేమీ కాదు. ఉద్యోగి పనిచేసిన ఊళ్ళ ఎండలన్నీ సర్వీసు రిజిస్టరులో ఉంటాయి. రిటైరయ్యాక వాటిలో ఒకటి ఉంచుకుని, ఆ ఊళ్ళో స్థిరపడి, మిగతావి తిరిగి అప్పజెప్పాలి. అప్పజెప్పిన ఎండలో జరిగినవన్నీ దానితోపాటే వెళ్ళిపోతాయి. గడువులోగా తేల్చుకోలేని వాళ్ళ దగ్గర అన్నీ తీసేసుకుంటారు. ఏసుపాదం గడువు ఆ సాయంత్రం ఐదింటితో తీరుతుంది.

అతను కాలవల శాఖలో ముప్పైమూడేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేశాడు. రెంటచింతలలో కొత్త కాపురం. డాబా మీద పాత పంచె పరిచి కరుణమ్మ గుమ్మడి వడియాలు పెట్టేది. ఊరికి వెళ్ళాలంటే అతను బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేవాడు. ఎండ పడే కిటికీ దగ్గర తను కూర్చుని, లోపలి సీటు ఆమెకు ఇచ్చేవాడు. “నల్లబడతావే,” అనేవాడు. “నల్లదాన్ని, ఇంకేం నల్లబడతాను?” అని ఆమె బస్సంతా వినబడేలా నవ్వేది. బందరులో ముప్పైరెండేళ్ళ వయసులో సైకిలు నేర్చుకుంది. భద్రాచలంలో రెండు వేసవులు మంచం మీద ఉండి, రెండో వేసవిలో పోయింది. పిల్లలు లేరు. ఆమె అతనికి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

“ఏందయ్యా, ఇంకా పెళ్ళిచూపులేనా?” అంటూ పక్కన కూలబడ్డాడు గఫార్. బస్సు డ్రైవరుగా రిటైరై, ఏటా వేయించుకోవాల్సిన ముద్ర కోసం వచ్చాడు. “నేనైతే అరగంటలో తేల్చేశా. కడప ఇచ్చేసి గుంటూరు పెట్టుకున్నా.”

“ఇబ్బందేం లేదా?”

“ఏముందీ! మా ఇంట్లో ఓ నలభయ్యేళ్ళ మనిషి ఉంటన్నాడు. నన్ను అబ్బాజాన్ అంటాడు. కడపలో పుట్టాడంట. మంచోడే పాపం, టయానికి మందులు తెచ్చిస్తాడు. నేనైతే మీరు అనే పిలుస్తన్నా.”

గుమస్తా విమల మూడు స్టీలు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. “రెండేసి నిమిషాలు, బాబాయ్‌గారూ. మూత తీసి అరచెయ్యి పెట్టండి. ఎక్కువసేపు తీసి ఉంచితే చల్లారిపోతుంది, మళ్ళీ తెప్పించాలంటే నెల.”

రెంటచింతలే ఉంచుకోవాలనుకుని వచ్చాడు. మూత తీయగానే పొడి వేడి అరచేతికి కొట్టింది. ఇంగువ వాసన, డాబా మీద నవ్వు. ఆ డాబా మీద తానెక్కడున్నాడా అని వెతికాడు. ఆదివారాలు తప్ప లేడు. తెల్లారకుండా జీపెక్కి, దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. నవ్వులో సగం ఆమె చెబితే విన్నది. బందరు డబ్బాలో సైకిలు గంట వినిపించింది. సైకిలు పడిపోతుంటే పట్టుకున్నది పక్కింటావిడ.

మూడోది తీయకూడదనుకున్నాడు. తీశాడు. చెయ్యి చురుక్కుమంది. తాటాకు విసనకర్ర చప్పుడు. “చాల్లే, చెయ్యి నొప్పెడుతుంది నీకు.” “నొప్పేం లేదు, పడుకో.” ఇక్కడ మాత్రం తానున్నాడు. సెలవు పెట్టి, రెండు వేసవులూ, ప్రతి మధ్యాహ్నం. ముప్పైమూడేళ్ళలో, ఆదివారాలు కాక, అతను ఇంట్లో ఉన్న మధ్యాహ్నాలు అవే.

“అమ్మా, ఇది ఉంచుకుంటే… రెంటచింతల బస్సులో మా ఆవిడ నవ్వు?”

“బస్సులో నవ్వు రెంటచింతలతోనే పోతుంది, బాబాయ్‌గారూ. భద్రాచలంలో నవ్వారా?”

అతను మూడో డబ్బా మూత పెట్టాడు. “ఒకసారి. నేను జావలో ఉప్పు రెండుసార్లు వేసినప్పుడు.”

“అయితే అది ఉంటుంది.” విమల ఫారంలో ‘ఒకటి’ అని రాసుకుంది. “ఇలాంటివి ఎవరూ ఉంచుకోరండీ. మా బీరువాలనిండా ఇవే.”

ఐదుకు పది నిమిషాలుండగా అతను సంతకం పెట్టాడు. విమల మిగతా రెండు డబ్బాల మూతలు గట్టిగా నొక్కి లోపలికి పట్టుకెళ్ళింది. ఏసుపాదం కుండలో నీళ్ళు తాగి రసీదు చదువుకున్నాడు. రెంటచింతల, బందరు. ఎక్కడో పాఠంలో చదివిన ఊళ్ళ పేర్లలా ఉన్నాయి. ఆమె మాత్రం ఉంది, మంచం మీద, కళ్ళు మూసుకుని, మొదటినుంచీ అలాగే ఉన్నట్టు.

బస్టాండులో భద్రాచలం బస్సు వచ్చింది. జనం తలుపు దగ్గర తోసుకుంటుంటే, అతని చెయ్యి భుజం మీది తువ్వాలు తీసి కిటికీలోంచి సీటు మీదికి విసిరింది. ఎక్కి చూస్తే అది ఎండ వైపు సీటు. ఎదురు వరసలో నీడ ఖాళీగానే ఉంది. అయినా కిటికీ దగ్గర ఎండలో తను కూర్చుని, తువ్వాలు పక్క సీట్లో పరిచాడు.

“పెద్దాయనా, ఇక్కడెవరన్నా వస్తారా?” కండక్టరు అడిగాడు.

ఏసుపాదం తువ్వాలు వంక చూశాడు. ఈ అలవాటు ఏ ఊళ్ళో అబ్బిందో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. తువ్వాలు ముడతలు సరిచేసి, ఎండ దాని మీద పడకుండా కిటికీకేసి ఇంకాస్త జరిగాడు.