బోర్డు మీద ఖాళీ నీడ

ఆ రోజు ముసలమ్మను ఎగరేయాలి. పొద్దున అనుకున్నది అంతే.

ముసలమ్మ అంటే సైన్యంలో ఏళ్ళ తరబడి తిరిగిన పాత హెలికాప్టర్. షెడ్డులో పనిచేసే నలభై మందీ కలిసి దానికి కొత్త ఇంజను బిగించి, లోపలి తీగలన్నీ మార్చారు. ఆ రోజు వచ్చే సైన్యం కమిటీ ముందు బాగా ఎగిరితే మిగతా పాతవాటికీ ఇక్కడే మరమ్మతు. ఎగరకపోతే పక్కనే నిగనిగలాడుతున్న కొత్తకోడలిని, అంటే విదేశీ హెలికాప్టర్‌ని, కొంటారు. షెడ్డు మూసేసి మనుషుల్ని తలో దిక్కుకూ పంపుతారు. ఆ కొత్తకోడలిని అమ్మజూపే కంపెనీ మనిషి ముందురోజే దాన్ని తెచ్చి, రాత్రికి అక్కడే పెట్టించాడు.

ఫోర్‌మన్ తెల్లవారకముందే వచ్చి, లేని మరకలను మసిగుడ్డతో తుడుస్తున్నాడు. తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరమ్మ వచ్చీరాగానే పనిముట్ల బోర్డు దగ్గర ఆగిపోయింది. ప్రతి పనిముట్టుకూ ఆ బోర్డు మీద దాని ఆకారంలోనే నల్లరంగు నీడ ఉంటుంది. పని ముగిశాక ఏ నీడైనా ఖాళీగా కనిపిస్తే, ఆ పనిముట్టు ఏదో యంత్రం కడుపులో ఉండిపోయిందనే లెక్క. గాలిలో అది జారి ఏ కడ్డీకో అడ్డుపడిందంటే లోపలివాళ్ళు తిరిగి రారు. అది దొరికేదాకా షెడ్డులోంచి ఏదీ ఎగరకూడదు.

"ఫోర్‌మన్ గారూ, కింది మూలది లేదు."

వంకర పిడి ఉన్న పానా ఆకారం, ఖాళీగా.

"ఏంట్రా అది?" అన్నాడు ఫోర్‌మన్ పనివాళ్ళతో. తన షెడ్డులోని పనిముట్టు తనకే తెలియదని ఒప్పుకోవడానికి వాళ్ళలో ఎవరికీ మనసు రాలేదు.

"వంకర పానా సార్" అన్నాడు తోక పని చూసే మెకానిక్. "మొన్న తోక బిగించేప్పుడు నా చేతిలోనే ఉంది."

"నీకిచ్చింది నేనేగా" అన్నాడు ఇంజను మెకానిక్.

"అబ్బ, ఎంత బాగా పట్టేదో!" అని మూడోవాడు నిట్టూర్చాడు.

ఇన్‌స్పెక్టరమ్మ ముసలమ్మ రెక్కకు, ఎగరకూడదని ఎర్ర చీటీ కట్టింది. "తోక విప్పండి."

విప్పారు. లేదు. అప్పుడే ఆవులిస్తూ వచ్చాడు పెయింటర్. ఫోర్‌మన్‌కు బావమరిది. కమిటీ వస్తోందని బోర్డుకు నిన్న కొత్త రంగు వేసింది అతనే.

"ఏంటి బావా, సామాను సర్దుతున్నారా?"

"నోర్ముయ్. కింది మూల వంకర పానా పోయింది."

"అక్కడ పానా ఎక్కడిది? ఆ మూల బోసిగా ఉందని నేనే ఒకటి గీశా. బాగోలా?"

ఫోర్‌మన్ అతని కాలర్ పట్టుకుని ఇన్‌స్పెక్టరమ్మ ముందు నిలబెట్టాడు. ఆమె అంతా విని ముగ్గురి వైపు తిరిగింది. "మరి మీరు వాడామన్నారే?"

ముగ్గురూ బూట్ల వైపు చూసుకున్నారు. అబద్ధమాడామంటే ఉద్యోగం ఉండదు. "వాడాం మేడమ్" అన్నాడు తోక మెకానిక్ సన్నగా.

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకాలురా మీరు!" ఫోర్‌మన్ తల పట్టుకున్నాడు.

"ఉందనేవాళ్ళు ముగ్గురు. లేదనేవాడు ఒక్కడు, అదీ మీ బావమరిది" అంది ఆమె. "ప్రాణాలతో పని. పొట్ట కూడా విప్పండి."

పేగులు బయటపెట్టుకుని ముసలమ్మ పడి ఉండగా కమిటీ వచ్చింది. ముందు నడుస్తున్న మీసాల అధికారి ముఖం చిట్లించాడు. కంపెనీ మనిషి ముఖం విప్పారింది.

"కట్టుడు పళ్ళు పెట్టించినంత మాత్రాన వయసు తగ్గుతుందా సార్? మాది ఎక్కండి, ఇప్పుడే తిప్పి చూపిస్తా."

"ఆగండి." ఇన్‌స్పెక్టరమ్మ రెండో ఎర్ర చీటీ తీసి కొత్తకోడలి రెక్కకు కట్టింది. "రాత్రి ఇదీ ఇదే కప్పు కింద ఉంది. విప్పి చూపించండి."

"మాది... విప్పకూడదండీ. సీళ్ళుంటాయి. సముద్రం దాటి మా ఇంజనీర్లే రావాలి."

"ఎప్పటికొస్తారు?" అన్నాడు అధికారి.

"వీసాలూ అవీ ఉంటాయి కదండీ. నెలలోపు."

అధికారి మీసం కదిలింది. స్టూలు లాక్కుని ముసలమ్మ ఎదురుగా కూర్చున్నాడు. "నేను భోజనం వేళకి వెళ్ళిపోవాలి. ఈలోపు కానివ్వండి."

ఫోర్‌మన్ టార్చిలైటు పళ్ళ మధ్య కరుచుకుని తానే పొట్టలోకి దూరాడు. ఒక్కో అర వెతకడం, ఇన్‌స్పెక్టరమ్మ తల పెట్టి, చెయ్యి పెట్టి చూడటం, రేకు మూయడం. చెమటకు మర చేతిలో నిలవడం లేదు. కంపెనీ మనిషి మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు.

ఆఖరి రేకు పడింది. "దీంట్లో లేదు" అని ఆమె చీటీ విప్పింది.

ముసలమ్మ దగ్గింది. నల్లటి పొగ వదిలి ఆగింది. ఫోర్‌మన్ కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ దగ్గి, గర్జించి, అధికారి టోపీని ఎగరగొట్టి మరీ పైకి లేచింది.

"పొద్దున ముక్కలుగా చూశా, ఇప్పుడు నెత్తిమీద తిరుగుతోంది" అన్నాడు అధికారి టోపీ దులుపుకుంటూ. "మనది మనం విప్పుకోగలగాలయ్యా. యుద్ధం వీసా కోసం ఆగుతుందా?" పాతవన్నీ ఆ షెడ్డుకే పంపమని అక్కడికక్కడే చెప్పేశాడు.

కొత్తకోడలు మాత్రం కదలలేదు. అది బావమరిది గీసిన వట్టి బొమ్మేనని ఫోర్‌మన్ మళ్ళీ నిజమే చెప్పాడు. అప్పటికి నాలుగోవాడికి కూడా ఆ పానా గుర్తొచ్చింది. కొన్నాళ్ళకు కంపెనీ మనిషి చెమటలు కక్కుతూ వచ్చి, సంచిలోంచి తళతళలాడే వంకర పానా తీశాడు. "బయట గడ్డిలో దొరికిందండీ."

ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని నీడ మీద ఆనించింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదే మేడమ్, ఇదే!" అని నలుగురూ కేకేశారు.

ఆమె ఫోర్‌మన్ వైపు ఒకసారి చూసి, ఎర్ర చీటీ విప్పింది. కొత్తకోడలు వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం బోర్డు లెక్క సరిపోతోంది గానీ, ఆ పానా పట్టే నట్టు ఇంతవరకు దొరకలేదు.