అమెరికా కత్తికి జాతకం

కత్తి ఉన్నది కోయడానికని మీరింకా అనుకుంటున్నారా? అయితే మీరు చాలా వెనకబడి ఉన్నారు. కత్తి ఉన్నది చదవడానికి! ఈ సంగతి పోయిన వేసవి దాకా నేనూ ఎరగను. మామిడికాయలు కోసుకుంటూ, పెన్సిళ్లు చెక్కుకుంటూ అజ్ఞానంలో బతికాను.

నా కళ్లు తెరిపించినవారు మా ముత్తుకూరు ముత్యాలయ్య గారు. ముప్పై ఏళ్లు పోస్టాఫీసులో కవర్ల మీద ముద్రలు కొట్టి రిటైరైన మనిషి. చదవడానికి ముద్రలు లేక నిద్రపట్టక అల్లాడుతుంటే, మద్రాసు నుంచి ఆయన అల్లుడు ఒక పాత అమెరికా కేటలాగు తెచ్చి ఇచ్చాడు. మడతకత్తి మీది ముద్ర చూసి, అది ఏ ఊళ్లో ఏ సంవత్సరంలో తయారైందో చెప్పొచ్చని అందులో ఉంది. ఆనాటి నుంచి ఆయనకు నిద్ర పడుతోంది, మాకు పట్టడం లేదు.

ముత్తుకూరులో అమెరికా కత్తులెక్కడివంటారా? యుద్ధం అయిపోయాక సోల్జర్లు వదిలేసి పోయినవి మూర్ మార్కెట్లో కుప్పలు పోసి అమ్మారు. మద్రాసు పోయిన ప్రతివాడూ ఒకటి కొనుక్కొచ్చాడు. నేనూ కొన్నాను.

శాస్త్రం చాలా సులువు. కత్తి మడత విప్పండి. రేకు మొదట్లో, పిడికి ఆనుకుని చీమ తలకాయంత అక్షరాలుంటాయి. కంపెనీ పేరు, ఊరి పేరు, దేశం పేరు. కంపెనీ పేరు వంపు తిరిగి ఉంటే పాతది, సూటిగా ఉంటే కొత్తది. దేశం పేరు లేకపోతే మరీ పాతది. ఊరి పేరు కూడా లేకపోతే ఇంకా పాతది.

అసలేమీ లేకపోతే? ఆ లెక్కన మా ఇంట్లో కత్తిపీట మీద ఒక్క అక్షరం లేదు కాబట్టి, అమెరికాను ఎవరూ కనిపెట్టక ముందే అది అమెరికాలో తయారై ఉండాలి. ఈ మాట చెబితే మా ఆవిడ ఇందిరమ్మ వంకాయలు తరగడం ఆపి నా వంక చూసింది. ఆ చూపు ఏ సంవత్సరం నాటిదో కేటలాగు లేకుండానే చెప్పగలను. మా పెళ్లినాటిది.

ఇక లాభాలు వినండి. వయసు తెలిసిన కత్తిని వాడకూడదు. నూరితే ముద్ర అరిగిపోతుంది. వాడకపోతే వేళ్లు తెగవు. వేళ్లు తెగక, కాంపౌండరు కృపాదానం గారి దగ్గర కట్టుగుడ్డలు గుట్టలుగా మిగిలిపోయాయి. సోడా బంకు చెంచయ్య నిమ్మకాయను గోళ్లతో చీలుస్తున్నాడు. సోడా రుచి కొంచెం మారిన మాట నిజమే. కానీ బంకులో ఉన్న కత్తి 1912 నాటిదని తెలిశాక కూడా రుచి గురించి మాట్లాడేవాడు మనిషేనా!

నా కత్తి 1927 నాటిదని తేలింది. ముత్యాలయ్య గారు దాన్ని గాజుపెట్టెలో పెట్టి తాళం వేశారు. నేను గర్వంతో ఇంటికొచ్చి మామిడికాయను గడపకేసి కొట్టుకుని తిన్నాను.

ఆ గర్వంలోనే ఒక పని చేశాను. సముద్రపు ఒడ్డున పోలేరయ్య అనే బెస్త వల బాగుచేసుకుంటుంటే, అతని చేతిలో మడతకత్తి కనిపించింది. యుద్ధం రోజుల్లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెట్టెలో వాళ్ల నాయనకు దొరికిందట. రెండు మంచిమాటలు చెప్పి అతన్ని ముత్యాలయ్య గారి దగ్గరకు నేనే తీసుకెళ్లాను.

భూతద్దం కింద ముద్ర కనిపించింది. రెండు ఏటవాలు గీతలు, పక్కన ఒక కొక్కెం, కింద ఒక చుక్క. కేటలాగు అటూ ఇటూ తిప్పారు. లేదు. ముత్యాలయ్య గారు అట్ట వెనక కూడా చూశారు. కేటలాగులోనే లేదంటే కేటలాగు కంటే పాతదన్నమాట. 1840 అని తేల్చి గాజుపెట్టెలో పెట్టేశారు.

"చూసినారు గదయ్యా, ఇయ్యండి. రేపు వేటకు పోవాల" అన్నాడు పోలేరయ్య.

"ఇది వేటకు పోయే కత్తి కాదు పోలేరయ్యా. చరిత్ర" అన్నారు ముత్యాలయ్య గారు.

"చరిత్రయితే కానీండయ్యా. వల రాయికి తగులుకుంటే కొయ్యాల గదా."

చరిత్ర ముందు వల ఎంత? ఆ కత్తిని పొగుడుతూ నేను ఇదే పత్రికలో ఒక వ్యాసం రాశాను. మీరు చదివే ఉంటారు.

మూడో వారం పోలేరయ్య వల నిజంగానే రాయికి తగులుకుంది. కోయడానికి ఏమీ లేక తాడును పంటితో కొరికాడు. ముందుపన్ను ఊడింది, తాడు తెగలేదు. సగం వల సముద్రంలో పోయింది. మర్నాడు తెడ్డు భుజాన వేసుకుని ముత్యాలయ్య గారింటికి వచ్చాడు.

"చూడండయ్యా, ఆ గుర్తే దీని మీదా ఉండాది. అది మా ఇంటి గుర్తు. తెడ్డుకు, వల తేలే బెండ్లకు, లంగరుకు అన్నిటికీ పెట్టుకుంటాం. కత్తి దొరికిన రోజున మా నాయన దానిమీదుండే రాతను అరగదీసి మేకుతో గీసినాడు."

ముత్యాలయ్య గారు తెడ్డును భూతద్దంతో అయిదు నిమిషాలు పరీక్షించారు.

"అయితే ఆ రోజుల్లో ఈ కంపెనీ తెడ్లు కూడా చేసేదన్నమాట" అని తెడ్డును కూడా ఉంచేసుకున్నారు.

పోలేరయ్య నా వైపు చూశాడు. నాకు సిగ్గేసింది. నేను మాత్రం గోడ మీది క్యాలెండరు వైపు చూశాను.

ఆ మర్నాడు అతని భార్య పిచ్చమ్మ వచ్చింది, చంకలో చేపల గంపతో. గంప అంచున రెండు గీతలు, కొక్కెం, చుక్క. ముత్యాలయ్య గారి చెయ్యి భూతద్దం కోసం వెతికింది.

పిచ్చమ్మ గంప వెనక్కి లాక్కుంది. "గుర్తు పెట్టుకునేది ఏ ఏటిదో తెలిసేదానికి కాదయ్యా. ఎవురిదో తెలిసేదానికి. మాది మాకియ్యండి."

ఆమె గొంతు పెంచలేదు. ముత్యాలయ్య గారు జేబులోంచి తాళంచెవి తీసి తనే పెట్టె తెరిచారు. ఆమె కత్తి మడిచి బొడ్లో దోపుకుని, తెడ్డు భుజానికెత్తుకుని వెళ్లిపోయింది. ఆయన నోటుబుక్కులో 1840 కొట్టేసి, "పోలేరయ్య అండ్ కంపెనీ, ముత్తుకూరు. ప్రొప్రయిటరు: పిచ్చమ్మ" అని దిద్దుకున్నారు. ఎంతయినా శాస్త్రజ్ఞుడు!

పెట్టె తెరిచే ఉంది కదా అని నేనూ చెయ్యి చాచాను. ఆయన మూత వేసేశారు.

"మీ గుర్తేదండీ దీని మీద?" అన్నారు.

గాజులోంచే రెండుసార్లు చూశాను. కంపెనీ పేరుంది, ఊరి పేరుంది, దేశం పేరు కూడా ఉంది. నాదే లేదు.

ఈ వ్యాసం రాసిన పెన్సిలును కత్తిపీట మీద చెక్కాను. వేలు తెగింది. కృపాదానం గారు ఎంతో సంతోషంగా పెద్ద కట్టు కట్టారు. ఆ చేత్తోనే మేకు పట్టుకుని ఇంట్లో వస్తువులన్నిటి మీదా నా గుర్తు గీసుకుంటూ వచ్చాను. కత్తిపీట దగ్గరికొచ్చేసరికి ఇందిరమ్మ ఆపింది. దాన్ని తిరగేసి పీట అడుగున చూపించింది. ఆమె గుర్తు అక్కడ ఎప్పుడో గీసి ఉంది.