ముట్టరాని గాలిపంపు

"నేటితో మన పాఠశాల అంతరిక్షంలో అడుగుపెట్టినట్టే!" అని ప్రకటించి, హెడ్మాస్టర్ దుర్గారావుగారు తాళంచెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నారు.

చంద్రయాన్ ఎగిరిన నెల అది. రాయపూర్‌లోని ఆ తెలుగు బడికి 'చేసి నేర్చుకునే అంతరిక్ష ప్రయోగశాల' మంజూరైంది. బోర్డు వచ్చింది. పండరీ బట్టల బజారు నుంచి మఖ్మల్ తెర వచ్చింది. అద్దాల బీరువా వచ్చింది. అందులో పెట్టాల్సినవే రాలేదు. తనిఖీ అధికారి మాత్రం పదకొండింటికి వచ్చేస్తున్నారు!

అప్పటికే శ్రీలక్ష్మి టీచరు ఆరో తరగతితో మైదానంలో ఉంది. లహరి ప్లాస్టిక్ సీసాలో కొంచెం నీళ్లు పోసి, బిరడా బిగించి, తలకిందులుగా నిలబెట్టింది. గాలి కొడితే రాకెట్టే. పంపు శ్రీలక్ష్మి ఇంటి నుంచి తెచ్చింది. రైల్వేలో పనిచేసిన ఆమె భర్త రోజూ డ్యూటీకి వెళ్లేముందు దానితోనే సైకిలుకు గాలి కొట్టుకునేవాడు. ఆయన పోయాక, ఐదు నెలలుగా దాన్నెవరూ ముట్టలేదు.

"ఆగండి మేడమ్!" దుర్గారావుగారు పరుగున వచ్చి పంపు లాక్కున్నారు. "బీరువా ఖాళీగా ఉంది!"

"సార్, అది మా ఇంటిది..."

"ఇప్పుడు అంతరిక్షానిది!"

పది నిమిషాల్లో పంపు కుంకుమ బొట్లతో అద్దాల వెనక వెలసింది. కింద చీటీ: 'అంతరిక్ష వాయుపీడన యంత్రం. ముట్టరాదు.'

అధికారి రిబ్బను కత్తిరించి, లహరిని పిలిచారు. "బోలో బేటీ, ఈ ల్యాబులో చేతులతో ఏం నేర్చుకున్నావ్?"

"కట్టుకుని నిలబడటం సార్."

"షాబాష్! క్రమశిక్షణ!" అని రాసుకుని, సమోసాలు తిని వెళ్లిపోయారు.

సాయంత్రం శ్రీలక్ష్మి పంపు అడిగింది.

"రిపోర్టులో ఎక్కిపోయింది మేడమ్! జిల్లా ఆఫీసు పర్మిషన్ లేనిదే నేను కూడా ముట్టకూడదు. రూల్ అంటే రూల్!"

బడి వదిలాక చూస్తే దుర్గారావుగారి సైకిలు వెనక చక్రంలో గాలి లేదు. ఇల్లున్న శంకర్ నగర్ నాలుగు కిలోమీటర్లు! ఆయన ఇటు చూశారు, అటు చూశారు, బీరువా తాళం తీశారు. యంత్రానికి ఓ దండం పెట్టి, బయటికి తెచ్చి, కొట్టడం మొదలుపెట్టారు.

తలెత్తితే ఎదురుగా ఆరో తరగతి మొత్తం, చేతులు కట్టుకుని.

లహరి మాత్రం పిడికిలి విప్పి వాల్వు మూత అందించింది. "ఇది మీ చక్రానిదే సార్."

తిట్టడానికి నోరు తెరిచారు గానీ, చేతిలో పంపు ఉంది.

"మీ పనయ్యాక ఇలా ఇవ్వండి సార్," అంది శ్రీలక్ష్మి, పిల్లల వెనక నుంచి ముందుకొచ్చి. పిడి పట్టుకుంటే అరచేతికి కుంకుమ అంటింది. తుడుచుకోలేదు.

"లహరీ, సీసా పట్టుకురా."

రాకెట్టు బడి కప్పు దాటింది. పోతూ పోతూ హెడ్మాస్టరుగారిని తలనుంచి కాళ్లదాకా తడిపింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని, ఆకాశంలోకి వేలు చూపిస్తూ నిలబడ్డారు.

"ఒక్క ఫొటో తీయండి మేడమ్, రిపోర్టుకి!"